పర్లాకిమిడి నుంచి కోరాపుట్ దాకా: చిన్న కారు లీజుకా, సొంతానికా?

ఒడిశాలోని కోరాపుట్‌లోనో రాయగడలోనో కూర్చుని ఫోన్‌లో ఒక్కసారి కొత్త కారు ధర చూస్తే చాలు, మర్నాటి నుంచి లీజు ప్రకటనలు వెంటపడతాయి. డౌన్ పేమెంట్ అక్కర్లేదు, ఇన్సూరెన్స్ మాదే, సర్వీసింగ్ మాదే, మూడేళ్లు నడుపుకుని తాళాలు మా చేతిలో పెట్టండి అంటాయి. వినడానికి బాగానే ఉంటుంది. బ్యాంకు చుట్టూ తిరిగే పని తప్పుతుంది, పాతబడ్డాక ఎవరికి అమ్మాలన్న బెంగ ఉండదు. కానీ ఈ లెక్కలన్నీ బెంగళూరు, హైదరాబాద్, గురుగ్రామ్ లాంటి ఊళ్లలో రెండు మూడేళ్లకోసారి ఉద్యోగం మారేవాళ్లను దృష్టిలో పెట్టుకుని వేసినవి. మారుతీ తన సబ్‌స్క్రిప్షన్ (నెల అద్దె) పథకాన్ని 2020లో మొదలుపెట్టింది కూడా బెంగళూరు, గురుగ్రామ్‌లలోనే. ఇల్లు ఒడిశాలో, పెళ్లి సంబంధాలు శ్రీకాకుళంలో, ఆసుపత్రి విశాఖలో, పిల్లల చదువు భువనేశ్వర్‌లో ఉన్న సరిహద్దు తెలుగు కుటుంబానికి అదే లెక్క సరిపోతుందా అన్నదే అసలు ప్రశ్న. చాలామందికి సరిపోదు. ఎందుకు సరిపోదో చూడాలంటే ముందు డబ్బు సంగతి తేల్చుకోవాలి.

లీజులో కారు కంపెనీది, వాడకం మనది. పొలం కౌలుకు తీసుకున్నట్టే, గడువు అయ్యాక భూమి ఆసామికి వెళ్లిపోతుంది. కంపెనీ కారు కొని, గడువు చివర దానికి ఎంత వస్తుందో ముందే అంచనా వేసుకుని, మధ్యలో తగ్గే విలువను, తన పెట్టుబడి మీద వడ్డీని, ఇన్సూరెన్స్‌ను, సర్వీసింగ్‌ను, తన లాభాన్ని కలిపి నెలలకు పంచుతుంది. దాని మీద జీఎస్టీ. అంటే ఇందులో ఉచితమేమీ లేదు, విడివిడిగా కట్టేవి ఒక్క బిల్లులోకి వచ్చాయంతే. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజిన్ ఉన్న చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది, పైన ఉన్న సెస్సూ పోయింది. డీజిల్ అయితే పరిమితి 1500 సీసీ. వ్యాగన్ ఆర్, స్విఫ్ట్, టియాగో, ఐ10 నియోస్, పంచ్ అన్నీ ఈ గీత లోపలే ఉన్నాయి. దీంతో కొనేవాడి ధర తగ్గింది, లీజు అద్దె మీద పన్ను కూడా ఆ మేరకు తగ్గాలి. అందుకని ఎవరైనా నెల అద్దె చెప్పగానే అది జీఎస్టీతో కలిపా, విడిగానా అని అడగాలి. ప్రకటనలో పెద్ద అక్షరాల్లో ఉండేది చాలాసార్లు పన్ను కలపని అంకె.

ఇప్పుడు ఒక ఉదాహరణ. ఇవి ఎవరి కొటేషనూ కాదు, లెక్క అర్థం కావడానికి అనుకున్న అంకెలు. ఆన్‌రోడ్ 8 లక్షల కారు, చేతి నుంచి లక్షన్నర, మిగతా ఆరున్నర లక్షలు 9 శాతం వడ్డీకి ఐదేళ్ల లోను. ఈఎంఐ సుమారు 13,493 రూపాయలు వస్తుంది, ఐదేళ్లలో వడ్డీ లక్షా 60 వేల దాకా. రెండో ఏడాది నుంచి ఇన్సూరెన్స్ మొత్తం మీద 60 వేలు, సర్వీసింగ్, టైర్లు, బ్యాటరీ కలిపి 75 వేలు వేసుకుందాం. అన్నీ కలిపితే 10 లక్షల 95 వేల దగ్గర తేలుతుంది. ఐదేళ్ల తర్వాత 3 లక్షల 80 వేలకు అమ్మితే, నికరంగా పోయింది 7 లక్షల 15 వేలు. నెలకు 12 వేల లోపు. మొదట పెట్టిన లక్షన్నరను బ్యాంకులో 7 శాతానికి వేసి ఉంటే ఇంకో 60 వేలు వచ్చేవి కదా అని ఎవరైనా అంటారు, న్యాయమే, అదీ కలుపుదాం. అప్పుడు నెలకు 13 వేల దగ్గర ఆగుతుంది. అదే కారుకు లీజు అన్నీ కలిపి నెలకు 17,500 అనుకుంటే ఐదేళ్లకు పదిన్నర లక్షలు, చివర చేతిలో ఏమీ ఉండదు. తేడా రెండు లక్షల 75 వేలు. ఈ తేడా టెన్షన్ లేకుండా ఉండటానికి కట్టే ధర అనుకోవచ్చు, అంత టెన్షన్ నిజంగా ఉందా అన్నది ఎవరికి వారే చూసుకోవాలి.

అయితే ఇదే లెక్కను ఏడాదికి వేస్తే బొమ్మ తిరగబడుతుంది. కారు షోరూమ్ బయటికి వచ్చిన మొదటి సంవత్సరంలోనే విలువ ఎక్కువ పడిపోతుంది, లోనులో మొదటి ఏడాది కట్టేదాంట్లో వడ్డీ భాగం తర్వాతి ఏళ్ల కంటే ఎక్కువ. ఎనిమిది లక్షల బండిని ఏడాదికే 6 లక్షల 20 వేలకు వదిలించుకుంటే లక్షా 80 వేలు అక్కడే పోయాయి. వడ్డీ 54 వేలు, లోను ముందే మూసేసినందుకు బ్యాంకు 5 శాతం తీసుకుంటే ఇంకో 27 వేలు, సర్వీసు కొంచెం. నెలకు 22 వేలు దాటేస్తుంది. ఒకే కారు, ఐదేళ్లు ఉంచుకున్నవాడికి నెలకు 12 వేలు, ఏడాదికే అమ్మినవాడికి 22 వేలు. కాబట్టి లీజా, కొనుగోలా అనే ముందు తేలాల్సింది కారు సంగతి కాదు, మనిషి ఇక్కడ ఎన్నాళ్లు ఉంటాడన్నది. దుకాణం, ఇల్లు, పొలం పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో ఉన్నవాళ్లు ఎక్కడికీ పోరు. వాళ్లు కారును ఐదేళ్లకు కాదు, ఎనిమిది పదేళ్లకు వాడతారు. లోను తీరాక నడిపే ప్రతి ఏడాదీ వాళ్లకు మిగులే. లీజులో ఆ తీరిపోయిన ఏడాదులు ఎప్పటికీ రావు, ఒక కారు ఇచ్చేసి ఇంకోటి తెచ్చుకుంటూ అద్దె కడుతూనే ఉండాలి.

ఇక సరిహద్దు చిక్కు. పాతపట్నం దాటితే పర్లాకిమిడి, ఇచ్ఛాపురం దాటితే గంజాం జిల్లా, సాలూరు ఘాట్ ఎక్కితే కోరాపుట్. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రంగా ఏర్పడినప్పుడు మధ్యన గీత పడింది కానీ రాకపోకలు ఆగలేదు. కారు కూడా అలాగే తిరుగుతుంది, దాని నంబరు మాత్రం ఒక్క రాష్ట్రానిదే ఉంటుంది. పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాకు ఓడీ 20, గంజాంకి ఓడీ 07, రాయగడకి ఓడీ 18, కోరాపుట్‌కి ఓడీ 10. అవతల ఆంధ్రలో 2019 నుంచి జిల్లాకో కోడ్ లేదు, ఏపీ 39తో మొదలైన ఒకే సిరీస్ రాష్ట్రమంతటికీ. మోటారు వాహనాల చట్టం 1988లోని 40వ సెక్షన్ ప్రకారం బండి మామూలుగా ఎక్కడ ఉంటుందో, యజమాని నివాసమో వ్యాపారమో ఎక్కడ ఉందో ఆ రాష్ట్రంలోనే రిజిస్ట్రేషన్ చేయించాలి. 47వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రం నంబరు బండిని ఇంకో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలి. దానికి పాత ఆర్టీవో నుంచి అభ్యంతరం లేదనే పత్రం, అంటే ఎన్‌ఓసీ, లోను ఉంటే బ్యాంకు నుంచి కూడా ఎన్‌ఓసీ, కొత్త రాష్ట్రంలో మిగిలిన వయసుకు పన్ను, పాత రాష్ట్రంలో కట్టిన పన్ను వాపసుకు దరఖాస్తు. వాపసు వచ్చేదాకా రెండు చోట్లా డబ్బు ఇరుక్కునే ఉంటుంది.

లైఫ్ ట్యాక్స్ ఆంధ్రలో ఎక్కువ, ఒడిశాలో తక్కువ. ఎనిమిది లక్షల కారుకే తేడా పదుల వేలల్లో ఉంటుంది. అందుకే కొడుకు విశాఖలో ఉద్యోగం చేస్తూ అక్కడే కారు వాడుతున్నా, నాన్న పేరున పర్లాకిమిడి అడ్రసుతో కొనడం ఈ ప్రాంతంలో కొత్తేమీ కాదు. నాన్న ఇంట్లోనే కారు ఉండి కొడుకు వచ్చినప్పుడు వాడుకుంటే ఏ పేచీ లేదు. ఏళ్ల తరబడి విశాఖ అపార్టుమెంటు సెల్లారులోనే ఉంటే అది చట్టం ప్రకారం ఏపీ నంబరు బండే, ఎప్పుడో ఒకసారి తనిఖీలో పన్ను కట్టమంటారు. శ్రీకాకుళంలోనో విశాఖలోనో షోరూమ్‌లో మోడల్, రంగు దొరికిందని అక్కడ కొని టీఆర్ (తాత్కాలిక నంబరు) మీద తెచ్చుకుని పర్లాకిమిడి ఆర్టీవోలో పర్మనెంట్ నంబరు వేయించుకోవడం మాత్రం సక్రమమైన దారి. కాకపోతే బిల్లు వేసే ముందే షోరూమ్‌వాళ్లకు ఒడిశా రిజిస్ట్రేషన్ అని చెప్పాలి, లేకపోతే వాళ్లు అలవాటుగా ఏపీ లైఫ్ ట్యాక్స్ కలిపిన కొటేషన్ ఇచ్చేస్తారు.

లీజు కారుకు ఈ వెసులుబాట్లేవీ మన చేతిలో ఉండవు. ఆర్సీ కంపెనీ పేరున ఉన్నప్పుడు నంబరు ఏ రాష్ట్రానిదో కంపెనీ కార్యాలయం ఎక్కడుందో దాన్ని బట్టే తేలుతుంది. హైదరాబాద్ నుంచి తీసుకుంటే టీజీ నంబరు, విశాఖ నుంచి అయితే ఏపీ నంబరు, భువనేశ్వర్ నుంచి అయితే ఓడీలోనే ఇంకో నంబరు. టీజీ బండిని రాయగడలో మూడేళ్లు ఉంచితే 12 నెలల నిబంధన తప్పకుండా అడ్డొస్తుంది, అప్పుడు ఎన్‌ఓసీ అడగాల్సింది కారు నడిపేవాడు కాదు, కంపెనీ. వాళ్లు ఆ పని పెట్టుకుంటారా, పెట్టుకుంటే కొత్త పన్ను ఎవరి నెత్తిన పడుతుంది అన్నది ఒప్పందంలో రాసి ఉండాలి. కొన్ని పథకాల్లో తెల్ల ప్లేటు మన పేరుతోనే ఇస్తారు, కొన్నింటిలో నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉంటాయి, అది అద్దెకిచ్చే బండి అని చెప్పే గుర్తు. రెండో రకమైతే రాష్ట్రం దాటడానికి పర్మిట్ సంగతి కూడా చూడాలి. రోజూ మహేంద్రతనయ నదికి ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరిగేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ట్రాన్స్‌ఫర్ ఉద్యోగులు మాత్రం లీజుకు సరైన గిరాకీలని అనిపిస్తుంది. దమన్‌జోడిలో నాల్కో, సునాబేడలో హెచ్ఏఎల్, రైల్వే, బ్యాంకులు, కేంద్ర బలగాలు. వీటిలో పనిచేసే తెలుగువాళ్లు ఈ జిల్లాల్లో చాలామందే ఉన్నారు. కానీ వీళ్లకు 2021 సెప్టెంబరు నుంచి బీహెచ్ సిరీస్ ఉంది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, ప్రభుత్వ రంగ సంస్థలవాళ్లు, నాలుగు లేక అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీలవాళ్లు సొంత కారుకు ఈ నంబరు తీసుకోవచ్చు. రాష్ట్రం మారినా నంబరు మారదు, ఎన్‌ఓసీ గొడవ లేదు. పన్ను 15 ఏళ్లకు ఒకేసారి కాకుండా రెండేళ్లకోసారి కడితే చాలు. బదిలీ భయంతో లీజు వైపు చూసే ఉద్యోగికి ఆ భయం తీసేసే దారి కొనుగోలులోనే దొరికింది, ఇది తెలియక నెలనెలా ఎక్కువ కట్టేవాళ్లు ఉన్నారు. రెండేళ్ల గడువు దాటాక పన్ను ఆలస్యం చేస్తే రోజువారీ జరిమానా పడుతుంది, కాబట్టి ఫోన్‌లో గుర్తు పెట్టుకోవాలి.

కంపెనీయే లీజుకు తీసుకుని జీతంలో సర్దే పద్ధతి వేరే కథ. అద్దె మొత్తం పన్ను వేయకముందే జీతంలోంచి పోతుంది, 1.6 లీటర్ల లోపు ఇంజిన్ కారుకు ఆదాయపన్ను నిబంధనలు వాడకం విలువను తక్కువగా కడతాయి. ముప్పై శాతం శ్లాబులో ఉన్నవాడికి మిగులు గట్టిగానే ఉంటుంది, అతనికి లీజు కొనుగోలును ఓడించగలదు కూడా. కానీ 2025–26 నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల దాకా, జీతగాడికైతే స్టాండర్డ్ డిడక్షన్‌తో కలిపి 12 లక్షల 75 వేల దాకా పన్నే లేదు. పన్నే కట్టనివాడికి పన్ను ఆదా ఏముంటుంది? హెచ్ఆర్ వాళ్లు చూపించే ఆదా పట్టికలో ఏ శ్లాబు వేశారో చూడకుండా సంతకం పెట్టకూడదు. మధ్యలో ఉద్యోగం మానేస్తే మిగిలిన నెలల బాధ్యత ఎవరిదన్నదీ అందులోనే ఉంటుంది.

వ్యాపారులకు జీఎస్టీ ఆశ చూపించే ఏజెంట్లు ఉంటారు. మామూలు వ్యాపారానికి వాడే ప్యాసింజర్ కారు మీద, కట్టిన జీఎస్టీని తమ పన్నులోంచి తగ్గించుకునే ఇన్‌పుట్ క్రెడిట్ కొన్నా రాదు, లీజుకు తీసుకున్నా రాదు. జీఎస్టీ చట్టంలోని 17(5) సెక్షన్ రెండింటినీ మూసేసింది. ఆదాయపన్నులో మాత్రం తేడా ఉంది: సొంత కారైతే ఏటా 15 శాతం తరుగుదల, లోను వడ్డీ చూపించుకోవాలి, లీజైతే అద్దె మొత్తం ఖర్చుగా రాసుకోవచ్చు, వ్యాపారానికి వాడిన మేరకు. బరంపురం బట్టల వ్యాపారికి, జయపురం హోల్‌సేల్ దుకాణానికి ఇది కొంత లాభమే, అయినా పైన వచ్చిన తేడా మొత్తాన్ని పూడ్చేంత ఉండదు.

రోడ్ల గురించి చెప్పకుండా ఈ ప్రాంతంలో కారు మాట పూర్తికాదు. సాలూరు నుంచి సుంకి మీదుగా పొట్టంగి ఎక్కే దారిలో క్లచ్, బ్రేకులు మైదానంలో కంటే త్వరగా అరుగుతాయి. లీజు ప్యాకేజీలో సర్వీసింగ్ ఉందంటారు కానీ క్లచ్ ప్లేట్లు, బ్రేక్ ప్యాడ్లు, టైర్లు అందులో ఉన్నాయా అని అడిగితే చాలాచోట్ల పరిమితులు బయటపడతాయి. కిలోమీటర్ల పరిమితి కూడా అంతే. ఏడాదికి 10 వేలు, 12 వేలు అని పెడతారు. పర్లాకిమిడి నుంచి విశాఖ ఆసుపత్రికి నెలకు రెండుసార్లు, శ్రీకాకుళం పెళ్లిళ్లకు, కార్తీకంలో గుళ్లకు, పండక్కి భువనేశ్వర్ నుంచి పిల్లల్ని తేవడానికి, ఇలా తిరిగే కుటుంబం ఆ గీతను పండగలు రాకముందే దాటేస్తుంది. దాటిన ప్రతి కిలోమీటరుకూ చివర బిల్లు ఉంటుంది. సర్వీస్ సెంటర్ ఎక్కడుందన్నది ఇంకో ప్రశ్న. సొంత కారైతే వారంటీ అయ్యాక తెలిసిన మెకానిక్ దగ్గర చేయించుకోవచ్చు, లీజు కారును కంపెనీ చెప్పిన చోటికే తీసుకెళ్లాలి, అది బరంపురమో విశాఖో అయితే ఒక రోజు పని పోతుంది.

తుఫాను సంగతి కూడా. 2013లో ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి కొండల్లో చరియలు విరిగిపడేంత వాన కురిపించింది. సమగ్ర బీమాలో వరద నష్టం కవర్ అవుతుంది, కానీ ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లాక స్టార్ట్ చేసి పాడుచేసుకుంటే ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవర్ లేకుండా సాధారణంగా ఇవ్వరు. కారు పూర్తిగా పోతే బీమా ఇచ్చేది ఆ ఏడాది ఐడీవీ (పాలసీలో కారుకు కట్టిన విలువ) మాత్రమే, అది రెండో ఏడాది దాటితే 30 శాతం, మూడో ఏడాది దాటితే 40 శాతం తగ్గి ఉంటుంది. సొంత కారులో, పోయిన బండికి బిల్లు ధర ఇచ్చే రిటర్న్ టు ఇన్వాయిస్ కవర్ తీసుకోవాలా వద్దా అన్నది మన నిర్ణయం. లీజులో పాలసీ కంపెనీ తీసుకుంటుంది, కారు పోయినప్పుడు ఐడీవీకి, వాళ్ల లెక్కకు మధ్య తేడాను మన దగ్గర వసూలు చేస్తారా అన్నది ముందే చూసుకోవాలి. ఇంకో చిన్న నష్టం కూడా ఉంది: క్లెయిమ్ చేయని ఏళ్లకు వచ్చే నో క్లెయిమ్ బోనస్, ఐదేళ్లకు 50 శాతం దాకా పెరిగేది, పాలసీ ఎవరి పేరున ఉందో వాళ్లదే. లీజులో ఎంత జాగ్రత్తగా నడిపినా అది కంపెనీ ఖాతాలో పడుతుంది.

తిరిగి ఇచ్చే రోజు గొడవలు వేరు. సొట్టలు, గీతలు, సీటు మరకలు, సముద్రపు గాలికి అడుగున పట్టిన తుప్పు. సహజమైన అరుగుదల ఎంతవరకన్నది తేల్చేది వాళ్ల మనిషే. సొంత కారుకైతే ఆ సొట్టను చూపించి కొనేవాడు పది వేలు తగ్గిస్తాడు, మనం ఐదు వేలకు బేరం ఆడతాం, కథ అక్కడితో అయిపోతుంది. ఈ వైపు పాత కారు అమ్మడం కష్టమన్న మాటలో పెద్ద నిజం లేదు. మారుతీ, హ్యుందాయ్ చిన్న బండి, ఒకే చేతిలో ఉన్నది, ఓడీ నంబరుది అంటే ఆటో కన్సల్టెన్సీవాళ్లకంటే ముందు చుట్టాలే అడుగుతారు.

అన్నట్టు, చుట్టాలు. ఈ ప్రాంతంలో కారు ఒక ఇంటికే పరిమితం కాదు. బావమరిది పెళ్లికి, పెదనాన్న కంటి ఆపరేషన్‌కు, తమ్ముడు డ్రైవింగ్ నేర్చుకోవడానికి, అందరికీ తాళం వెళుతుంది. లీజు ఒప్పందాల్లో ఎవరు నడపొచ్చో రాసి ఉంటుంది, బయటివాడు నడిపి గుద్దితే బీమా దాకా వెళ్లకముందే కంపెనీతో తగాదా మొదలవుతుంది. తెల్ల బోర్డు కారును డబ్బులకు ట్రిప్పులకు తిప్పడం సొంత కారుకే ప్రమాదం, క్లెయిమ్ తిరస్కరించడానికి అది చాలు, లీజు కారుతో అయితే ఒప్పందమే రద్దవుతుంది.

ఇవన్నీ చూశాక లీజు ఎవరికి? రాయగడ, కాశీపూర్ వైపు ప్రాజెక్టు పని మీద ఏడాదో ఏడాదిన్నరో వచ్చే కాంట్రాక్ట్ ఇంజినీరుకు, బీహెచ్ అర్హత లేని ప్రైవేటు ఉద్యోగికి, 30 శాతం శ్లాబులో ఉండి కంపెనీ లీజు దొరికినవాళ్లకు. చేతిలో డబ్బు తక్కువై డౌన్ పేమెంట్ కోసమే లీజు చూస్తున్న కుటుంబానికి మాత్రం ఇది సరైన మందు కాదు. లీజులోనూ రెండు మూడు నెలల డిపాజిట్ అడుగుతారు, సిబిల్ (అప్పులు తీర్చిన తీరుకు ఇచ్చే స్కోరు) చూస్తారు. అలాంటివాళ్లకు ఒక మెట్టు చిన్న కారు, లేకపోతే మొదటి విలువ నష్టాన్ని మొదటి యజమానే భరించి అమ్ముతున్న రెండు మూడేళ్ల బండి, ఐదేళ్ల లోను బదులు నాలుగేళ్లది చూసుకున్నా నెల భారం లీజు కంటే కిందే ఉంటుంది. పాత బండి కొంటే ఆర్సీ మీద హైపోథికేషన్ (బ్యాంకు లోను ఉందనే గుర్తు) కొట్టేశారా లేదా ప్రభుత్వ పరివాహన్ సైట్‌లో చూడాలి, అవతలి రాష్ట్రం నంబరైతే పన్ను తేడాను ధరలోంచి తగ్గించి అడగాలి.

లీజే అని తేల్చుకున్నవాళ్లు సంతకానికి ముందు ఒక్క అంకె కాగితం మీద రాయించుకోవాలి: 18వ నెలలో కారు తిరిగి ఇచ్చేస్తే మొత్తం ఎంత కట్టాలి. మూడేళ్ల అద్దె ఎంతో ఎవరైనా చెబుతారు. ఈ అంకె అడిగేసరికి సేల్స్ మనిషి మేనేజర్ని అడిగి చెబుతానంటాడు, అది మెయిల్‌లో వచ్చేదాకా డిపాజిట్ చెల్లించకుండా ఆగాలి.